శివారు భూమి, శివారు భాష

మా పొలం శివారున ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నిలిచిన గోదావరి నీరు విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువలోకి దిగి, లాకులు దాటి, పిల్లకాలువల్లోకి, అక్కణ్ణుంచి బోదెల్లోకి చీలుతూ మొగల్తూరు వైపు ఉప్పుగాలి తగిలే చేల దాకా రావాలి. ఎగువ రైతు ఒకాయన తన తూము కింద రెండు ఇటుకలు ఊడదీసుకుంటే ఆయన చేనుకు పెద్ద తేడా ఉండదు. పక్క చేనాయనకీ తెలియదు. తెలిసేది మాకు. దాళ్వాలో, అంటే రబీ పంటకు, వంతులు పెట్టినప్పుడు మా వంతు వచ్చే వేళకి బోదెలో చీలమండ కూడా మునగదు. చిన్నప్పుడు రాత్రిపూట లాంతరు పట్టుకుని నాన్నతో గట్టు మీద నిలబడి నీటి కోసం ఎదురుచూసిన రోజులు నాకింకా గుర్తే.

నేను చెప్పదలచుకున్నది కంప్యూటర్ కంపెనీలు ముప్పై ఏళ్ళుగా వెబ్బు కోసం పడుతున్న పోట్లాట గురించి. ఆ పోట్లాటలో తెలుగు ఎక్కడుందో చెప్పాలంటే శివారు కన్నా సరైన మాట నాకు దొరకలేదు. వెబ్బుకు ఇంగ్లీషు ఎగువ ఆయకట్టు, తెలుగు శివారు. ఎగువన ఎవరు గట్టు తెంపినా మొదట ఎండేది మన చేనే. దీన్ని నేను పుస్తకాల్లో చదివి నేర్చుకోలేదు, మా ప్రెస్సులో చూశాను.

పొలం కౌలుకిచ్చాక నాన్నకు ప్రెస్సే లోకం. పాలకొల్లులో ఒక ట్రెడిల్ మిషను, గోడ పొడుగునా టైపు కేసులు. శుభలేఖలు, కొబ్బరి కొట్ల బిల్లు పుస్తకాలు, తీర్థాలకు నాటకాల కరపత్రాలు. తెలుగు కేసు ఇంగ్లీషు కేసులా ఉండదు. గుణింతాలకూ వత్తులకూ విడివిడిగా గళ్ళుంటాయి, కంపోజిటరు చెయ్యి వాటి మీద చూడకుండానే తిరుగుతుంది. బడి వదలగానే వెళ్ళి, వాడేసిన టైపు మళ్ళీ ఎవరి గడిలో వాళ్ళని వేయడం నా పని. ఆ టైపంతా ఒక్క చోటి నుంచి వచ్చింది కాదు. కొంత మద్రాసుది, కొంత బెజవాడది, కొంత మూతపడిన ఓ ప్రెస్సు దగ్గర కొన్నది. ఒకే వరసలో మూడు చోట్ల అక్షరాలు కలిసేవి, అయినా కాగితం మీద సమంగా పడేవి. ఎలా అని అడిగితే నాన్న ఒక అక్షరం బల్ల మీద నిలబెట్టి చూపించారు.

"టైపు ఎత్తు రా. ఎవడు పోసినా ఇంతే పోయాలి. వెంట్రుకవాసి ఎక్కువైతే కాగితాన్ని పొడిచేస్తుంది, తక్కువైతే సిరా అంటదు."

ఆ ఎత్తు 0.918 అంగుళం అని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఫౌండ్రీలు అక్షరాల వంపుల్లో పోటీపడేవి, లోహం గట్టిదనంలో పోటీపడేవి, ధరలో పోటీపడేవి. ఎత్తు జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు. ప్రమాణం అనే మాటకు అర్థం నాకు ఆ బల్ల దగ్గర తెలిసింది.

1997లో కేసులు అటకెక్కాయి, కంప్యూటర్ వచ్చింది. దానితోపాటు తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరు, ఆ సాఫ్ట్‌వేరుకు ఒక లాకు. మా వైపు లాకు అంటే పడవలు దాటే లాకే. ఇది వేలెడంత ప్లాస్టిక్ ముక్క, కంప్యూటర్ వెనక ప్రింటరు పెట్టే చోట గుచ్చాలి. అది గుచ్చి ఉంటేనే తెలుగు. తీసేస్తే లేదు. అప్పట్లో మాకది తప్పనిపించలేదు. కంపెనీవాళ్ళు కష్టపడి అక్షరాలు గీశారు, దొంగతనంగా వాడకూడదు కదా అనుకున్నాం.

అసలు సమస్య లాకు లోపల ఉంది. తెర మీద మనకు క కనిపిస్తుంది. ఫైలు లోపల ఉన్నది క కాదు, ఏదో ఒక ఇంగ్లీషు అక్షరం తాలూకు సంఖ్య. ఆ సంఖ్య దగ్గర క బొమ్మ గీసిపెట్టారంతే. తలకట్టుకు ఇంకో సంఖ్య, వత్తుకు ఇంకోటి. ఏ బొమ్మ ఏ సంఖ్య దగ్గర ఉండాలన్నది ఆ కంపెనీ ఇష్టం. పక్క కంపెనీది వేరే వరస. ఒకరి ఫైలు ఇంకొకరి దగ్గర తెరిస్తే కొమ్ములూ చుక్కలూ ఉన్న యూరోపు అక్షరాల గుట్ట కనబడేది. నాన్న మాటల్లో చెప్పాలంటే ఎవడి టైపు ఎత్తు వాడిదే అయిపోయింది.

1999లో నరసాపురం వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళపాటు పడవ సరంగుల దగ్గర, లాకు తలుపులు చూసుకునే లస్కర్ల దగ్గర, ఊడ్పుల కూలీల దగ్గర, వలలు అల్లేవాళ్ళ దగ్గర కూర్చుని మాటలు రాసుకున్నారు. సార్వా, దాళ్వా, ఆకుమడి, పుంత, బోదె, పురి, గరిసె. పడవలో ఒక్కొక్క తాడుకు ఒక్కొక్క పేరు. కాలువల్లో పడవలు పోయి లారీలు వచ్చేశాయి కాబట్టి ఆ మాటలు పలికేవాళ్ళు తగ్గిపోతున్నారని ఆయన బెంగ. నోటు పుస్తకాల మూట బల్ల మీద పెట్టి, "అబ్బాయ్, తొందరేం లేదు, తప్పులు మాత్రం పోనివ్వకు" అన్నారు. నాలుగు నెలలు కూర్చుని కంపోజ్ చేశాను. మూడువందల ప్రతులు వేశాం.

2006లో మళ్ళీ వచ్చారు. ఇంకో రెండు నోటు పుస్తకాల మాటలు చేర్చి రెండో ముద్రణ వేయాలి. అప్పటికి పాత కంప్యూటర్ పోయింది. కొత్తదానికి లాకు గుచ్చే రంధ్రమే లేదు. ఫాంట్ల కంపెనీకి ఫోన్ చేస్తే ఆ వెర్షను ఆపేశాం, కొత్తది కొనుక్కోండి అన్నారు. కొత్తదాని వరస వేరు, పాత ఫైలు అందులో నేరుగా తెరుచుకోదు. మాస్టారు నా పక్కన కుర్చీలో కూర్చుని ఉండగా ఫైలు తెరిచాను. తెర నిండా చుక్కల అక్షరాలు. కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగి చూశారు. "ఇవేమిట్రా? నా మాటలేవి?" అన్నారు.

ఆ ఫైలు చెడిపోలేదు. ఒక్క సంఖ్య కూడా చెదరలేదు. దాన్ని చదవడమెలాగో తెలిసిన ఒకే ఒక్కరు చదవనన్నారు, అంతే. అచ్చు ప్రతి ముందు పెట్టుకుని మొదటి అక్షరం నుంచి మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాను. రెండో ముద్రణ ఆయన చూడలేదు.

ఈ సంగతి చెబితే కొందరు, "అదేదో చిన్న ఫాంట్ల కంపెనీ చేసిన పని, పెద్దవాళ్ళ దగ్గర ఇలా జరగదు" అంటారు. పెద్దవాళ్ళ దగ్గర ఏం జరిగిందో చూద్దాం.

వెబ్బు పుట్టింది జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలలో, 1989లో టిమ్ బెర్నర్స్ లీ రాసిన ప్రతిపాదనతో. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చని ప్రకటించింది. మరుసటి ఏడు ప్రమాణాలు రాయడానికి డబ్ల్యూత్రీసీ అనే సంఘం ఏర్పడింది. మా కాలువల మీద నీటి సంఘాలలాగే దానికీ పోలీసు బలం లేదు. ఇలా చేస్తే అందరికీ నీరందుతుందని కాగితం మీద రాయగలదు, అంతవరకే.

1994లో నెట్‌స్కేప్ వచ్చింది, వెబ్ పేజీలు తెరిచి చూపించే బ్రౌజరు. ఆ కంపెనీని ఇప్పుడు అందరూ పెద్ద చేప మింగిన చిన్న చేపగానే తలుచుకుంటారు. మార్కెట్టు తన చేతిలో ఉన్నన్నాళ్ళూ అదీ ఎవరినీ అడగకుండా సొంత ట్యాగులు, అంటే పేజీని ఎలా చూపించాలో చెప్పే గుర్తులు, చేర్చుకుంటూ పోయింది. అక్షరాల రంగూ సైజూ మార్చే ఫాంట్ ట్యాగు అలా వచ్చిందే. 1995 మే 26న బిల్ గేట్స్ తన కంపెనీ పెద్దలకు ఇంటర్నెట్ ఉప్పెనలా వస్తోందని హెచ్చరిస్తూ లేఖ రాశాడు. ఆ ఆగస్టులో మైక్రోసాఫ్ట్ బ్రౌజరు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చింది. వెనక వచ్చినవాడు కదా, అప్పట్లో మైక్రోసాఫ్ట్ ప్రమాణాల పక్షాన నిలబడింది. 1996లో వచ్చిన మూడో ఎక్స్‌ప్లోరర్, పేజీ అలంకారానికి డబ్ల్యూత్రీసీ తయారుచేస్తున్న సీఎస్‌ఎస్‌ను అందుకున్న మొదటి పెద్ద బ్రౌజరు. అప్పటికి ఆ పని నెట్‌స్కేప్ చేయలేదు. అదే ఏడాది అదే మైక్రోసాఫ్ట్, పేజీ లోపల చిన్న ప్రోగ్రాములు నడిపే, విండోస్ మీద తప్ప నడవని యాక్టివ్‌ఎక్స్‌ను కూడా వెబ్బులోకి దించింది. ఒక చేత్తో కాలువకు పూడిక తీస్తూ ఇంకో చేత్తో సొంత తూము పెట్టుకోవడమన్నమాట.

1997 నాటికి ఈ తగాదా ఫాంట్ల దాకా వచ్చింది, మన గుమ్మంలోకి వచ్చింది అప్పుడే. పేజీతోపాటు ఫాంటు కూడా దిగుమతయ్యే ఏర్పాటు రెండు బ్రౌజర్లూ చేశాయి, చెరో రకంగా. నెట్‌స్కేప్‌ది బిట్‌స్ట్రీమ్ కంపెనీ తయారుచేసిన పద్ధతి, ఎక్స్‌ప్లోరర్‌ది మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతి. ఒకరి ఫాంటు ఇంకొకరికి చదవరాదు. ఇంగ్లీషువాళ్ళకు ఇది సోకు వ్యవహారం. ఫాంటు దిగకపోతే మామూలు అక్షరాల్లో కనబడుతుంది, చదువుకుంటారు. తెలుగువాళ్ళకు ఫాంటు దిగకపోతే వార్తే లేదు. తెలుగు పత్రికల సైట్లు ఒక్కోటీ ఒక్కో సొంత ఫాంటు వరసతో వచ్చాయి. నా నెట్ సెంటరుకు సాయంత్రం పూట వచ్చే పెద్దమనుషులు, దుబాయ్‌లో కువైట్‌లో పిల్లలున్నవాళ్ళు, "ఈ పేపరు ఈ కంప్యూటర్లో కనబడదా అండీ" అని కుర్చీ మారేవాళ్ళు. కనిపించినా వెతకడానికి వీల్లేదు. గోదావరి అని కొడితే ఏ పేపర్లోనూ గోదావరి దొరకదు, ఎందుకంటే ఒక్కో పేపరు లోపల గోదావరి ఒక్కో సంఖ్యల మూట. ఆ ఏళ్ళలో వెబ్బులోకి ఎక్కిన తెలుగు ఎంత మళ్ళీ దొరక్కుండా పోయిందో తలుచుకుంటే నాకు మాస్టారి ముఖమే కనిపిస్తుంది.

ఈ దుస్థితికి మందు అప్పటికే తయారై ఉందన్నది నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు చోటుంది. క కు ఒక సంఖ్య, ప్రపంచమంతటా అదే సంఖ్య. కాగితం మీద ఉన్న ఆ ప్రమాణం మా బల్ల మీదికి రావడానికి పదేళ్ళు పట్టింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు వచ్చింది. దాని పేరు గౌతమి. మా గోదావరి పాయ పేరు! సీడీ పెట్టి భారతీయ భాషల సౌకర్యం ఎక్కించుకుంటే ఏ లాకూ లేకుండా తెలుగు వచ్చింది. కొట్టిన మొదటి మాట గోదావరే. అది కాపీ చేసి వేరే చోట పెట్టాను, అక్కడా గోదావరిగానే ఉంది. ఆ రోజు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

ఆ తర్వాతి పని కంపెనీలు చేయలేదు, మనుషులు చేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. 2006లో, ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు చేసిపెట్టే లేఖిని వచ్చాక తెలుగు కీబోర్డు నేర్చుకోనివాళ్ళు కూడా రాయడం మొదలుపెట్టారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు తగిలించుకునే పద్మ అనే చేర్పు పత్రికల సొంత ఫాంట్ల మూటలు విప్పి యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. నా నెట్ సెంటరులో అన్ని కంప్యూటర్లలోనూ పద్మ పెట్టాను. కుర్చీలు మారడం ఆగిపోయింది. ఇవన్నీ జీతం కోసం కాక భాష మీద మమకారంతో జరిగిన పనులు. వాళ్ళకు నేను రుణపడి ఉన్నాను.

బ్రౌజర్ల పోరులో నెట్‌స్కేప్ ఓడింది. 1998 మే 18న అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద దావా వేసింది గానీ, అది తేలేలోగా కథ ముగిసింది. ఆరో ఎక్స్‌ప్లోరర్ 2001లో వచ్చింది, ఏడోది 2006లో. మధ్యలో అయిదేళ్ళు. ఒక దశలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా వాడిన బ్రౌజరు అయిదేళ్ళపాటు ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోయింది, పోటీదారు లేడు కాబట్టి. దాని పీడ మాకు అయిదేళ్ళతో పోలేదు. ఒక ప్రభుత్వ కార్యాలయం తాలూకు సైటు యాక్టివ్‌ఎక్స్ ఉంటే తప్ప తెరుచుకునేది కాదు. దాని కోసమే మూలన ఒక పాత ఎక్స్‌పీ పెట్టెను ఏళ్ళ తరబడి బతికించాను. సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్ళు ఆ ఒక్క పెట్టె ముందు వరస కట్టేవాళ్ళు. అది మొరాయించిన రోజున తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు, బస్సు చార్జీలు దండగ. ఎక్కడో అమెరికాలో 1996లో తీసుకున్న నిర్ణయానికి యలమంచిలి లంక నుంచి వచ్చిన ఆడమనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుంది. ఇది నేను కళ్ళారా చూసింది.

నాకు అర్థమైనంతలో వెనకబడి ఉన్నంతకాలం ప్రతి కంపెనీకీ ప్రమాణాలు కావాలి. ముందుకొచ్చిన మర్నాడు అవే అడ్డం. దీనికి ఆపిల్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2010 ఏప్రిల్లో స్టీవ్ జాబ్స్, వెబ్బులో వీడియోలూ ఆటలూ నడిపే ఫ్లాష్ ఒక్క అడోబీ కంపెనీ చేతిలోనే ఉన్న సొత్తు, వెబ్బు ప్రమాణాలు బహిరంగంగా ఉండాలి అని పెద్ద లేఖ రాశాడు. అందులో ప్రతి వాక్యం నాకు నచ్చింది. 2020 చివరికి ఫ్లాష్ కథ ముగిసిపోయింది, మంచిదే. మరి ఆ లేఖ రాసేనాటికి జాబ్స్ చేతిలో ఏముంది? 2008లో తెరిచిన యాప్ స్టోర్. అందులో అమ్మకాల మీద నూటికి ముప్పై. ఐఫోన్‌లో ఏ బ్రౌజరు పేరు పెట్టుకున్నా లోపల పేజీని గీసి చూపే ఆపిల్ యంత్రమే తిరగాలన్న నియమం. యూరోపు కొత్త చట్టం కిందికి వచ్చాక, 2024లో అక్కడ మాత్రం ఆ నియమం సడలించింది. ఆ సందర్భంలోనే, హోం స్క్రీన్ మీద పెట్టుకునే వెబ్ యాప్‌లను యూరోపులో తీసేస్తామని ఫిబ్రవరిలో చెప్పి, గోల రేగాక మార్చిలో వెనక్కి తగ్గింది. 2007లో ఐఫోన్ కొత్తలో, మీరు వెబ్ యాప్‌లే రాయండి అని జాబ్సే చెప్పాడు.

గూగుల్ దారి కూడా అదే. 2008లో క్రోమ్ తెచ్చినప్పుడు అది మైక్రోసాఫ్ట్ పట్టు విడిపించే పనిముట్టు, అందరం పండగ చేసుకున్నాం. అదే గూగుల్ 2013 జూలై 1న, బ్లాగుల కొత్త రాతలన్నీ ఒకచోట చూపించే రీడర్ మూసేసింది. తెలుగు బ్లాగుల్ని ఒకచోట చేర్చే కూడలి లాంటి చోట్లకు వెళ్తూ, రీడర్లో తెలుగు బ్లాగులు పొద్దున్నే కాఫీతో చదువుకునే మాబోటివాళ్ళకు అది ఊళ్ళో గ్రంథాలయం మూసేసినట్టే అయింది. ఆ తర్వాత 2015లో ఏఎమ్‌పీ అని సొంత రకం పేజీలు తెచ్చి, అలా రాస్తేనే ఫోన్లో ముఖ్య వార్తల వరసలో చోటు ఇచ్చింది. 2021 దాకా అదే తంతు. మైక్రోసాఫ్ట్ కూడా సొంత యంత్రం వదిలి 2020లో, క్రోమ్ లోపల తిరిగే గూగుల్ క్రోమియం మీదికి మారింది. ఒపేరా అంతకుముందే మారింది. ఇప్పుడు చెప్పుకోదగ్గ యంత్రాలు మూడు: క్రోమియం, ఆపిల్‌ది, ఫైర్‌ఫాక్స్‌ది. మూడోదాన్ని నడిపే మొజిల్లాకు వచ్చే డబ్బులో ఎక్కువ భాగం గూగుల్ ఇచ్చేదే. విజ్జేశ్వరం, ధవళేశ్వరం తలుపులన్నీ ఒకే ఆసామి చేతికి వెళ్ళాయనుకోండి. ఆయన మంచివాడే కావచ్చు, ఈ ఏడు నీళ్ళు బాగానే వదలవచ్చు. నేను మాత్రం ఆ శివారున నిశ్చింతగా నారు పోయలేను.

కంపెనీల సొంత పనులన్నీ చెడ్డవని నేనంటే అది అబద్ధం. పేజీ మళ్ళీ తెరవకుండానే కొత్త సమాచారం తెప్పించుకునే ఏర్పాటు 1999లో అయిదో ఎక్స్‌ప్లోరర్‌లో మైక్రోసాఫ్ట్ సొంతంగా పెట్టుకున్నదే. అది లేకపోతే ఈనాటి మ్యాపులూ లేవు, మెయిలూ లేదు. సంఘాలూ తప్పులు చేస్తాయి. డబ్ల్యూత్రీసీ, వెబ్ పేజీలు రాసే భాషకు కొత్త రూపమంటూ, పాత పేజీలతో పొసగని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రెండో కూర్పు వెంట ఏళ్ళు గడిపి 2009లో వదిలేసింది. ఈలోగా 2004లో మొజిల్లా, ఒపేరా, ఆపిల్ వేరు కుంపటి పెట్టి మొదలుపెట్టిన పనే హెచ్‌టీఎంఎల్ అయిదుగా నిలబడింది. ఎవరి చేనులో వాళ్ళు కొత్త వంగడం వేసి చూడటాన్ని ఎవరూ కాదనరు. నేను అడిగేది కాలువ గట్టు గురించే. చేనులో ఏం వేసినా, గట్టు తెంపకూడదు.

ఒప్పుకుంటే ఎంత బాగుంటుందో కూడా ఫాంట్ల కథే చెబుతుంది. చెరో పద్ధతి పెట్టి మన పేపర్లను చీల్చిన ఆ పాత తగాదా చివరికి ఎలా తెగింది? 2010లో మొజిల్లా, ఒపేరా, మైక్రోసాఫ్ట్ కలిసి వాఫ్ అనే ఒకే ఫాంటు పద్ధతిని డబ్ల్యూత్రీసీ ముందు పెట్టాయి. 2012 డిసెంబరులో అది ప్రమాణమైంది. పదిహేనేళ్ళు పట్టింది. ఇవాళ ఏ తెలుగు సైటైనా తనకు నచ్చిన ఫాంటు పంపవచ్చు, అది దిగకపోయినా వార్త కనబడుతుంది, ఎందుకంటే లోపల ఉన్నది తెలుగే.

ఇంకో సంగతి. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కూల్చింది. జ్ఞా. అక్షరాల మధ్య కనబడని ఒక గుర్తు పడి, అది సందేశంలో వస్తే యాప్ మూసుకుపోయేది. కొన్ని సందర్భాల్లో ఫోనే తెరుచుకునేది కాదు. ప్రపంచమంతా మన అక్షరాన్ని విచిత్రంగా చూసింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. అప్పుడు నేను గర్వపడ్డాను, ఇప్పుడూ పడతాను. జ్ఞా అన్నది ఆపిల్ ఇచ్చిన అక్షరం కాదు, యూనికోడ్‌లో ఉన్న అక్షరాల కలయిక. దాన్ని చూపించలేకపోతే తప్పు ఫోనుది. 2006లో మా తెలుగు కనబడలేదంటే కొత్తది కొనుక్కోమన్నారు. 2018లో ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీ తన ఫోను సరిచేసుకుంది. శివారు రైతుకు కాగితం మీద హక్కు ఉండటం అంటే ఇదే.

ఆ హక్కును ఇప్పుడు మనంతట మనమే వదులుకుంటున్నామన్నది నా అసలు దిగులు.

ఆకివీడు దగ్గర మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. ఏ కౌంటుకు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే, ఎంత రేటో రోజూ ఒక మెసేజీ యాప్ గ్రూపులో వచ్చేది. రేట్లే కాదు, ఏ నెలలో ఏ జబ్బు తగిలింది, నీటిలో ఉప్పు ఎంత, ఏ మందు పనిచేసింది, ఏడేళ్ళ అనుభవం అందులో ఉంది. గ్రూపు నడిపే ఆయన ఖాతా ఒక రోజు ఆగిపోయింది. ఎందుకో తెలియదు, అడగడానికి మనిషి లేడు. కొత్త గ్రూపు పెట్టుకున్నారు. పాతది ఎవరి ఫోన్లో ఎంత మిగిలితే అంత. పుస్తకంలోనైనా రాసుకోలేదా బాబాయ్ అంటే ఆయన అన్న మాట: "మేత వాడి దగ్గర అప్పు పెట్టినట్టే అయిందిరా ఇది. బాకీ ఉన్నంతకాలం పట్టుబడి వాడికే ఇవ్వాలి, వాడి కాటా మీదే తూచాలి. మేత ఊరికే వస్తోందని తెచ్చుకున్నాం."

మా వైపు ఎంతోమంది రాస్తున్నారు. ఊరి చరిత్రలు, తాతల కథలు, కొబ్బరి తెగుళ్ళ మీద సలహాలు, మంచి పద్యాలు. అన్నీ ఏదో ఒక కంపెనీ గోడ లోపలే. బయటివాళ్ళకు వెతికితే దొరకవు, మూడో రోజుకు రాసినవాళ్ళకే దొరకవు. అక్షరం యూనికోడే, నిజమే. ఆ అక్షరం ఉన్న ఇల్లు మాత్రం మళ్ళీ లాకు గుచ్చితే తెరుచుకునే ఇల్లు. గోడ లోపల రాయవద్దని అనను, చదివేవాళ్ళు అక్కడున్నారు. అదే రాత ఒక ప్రతి బయట, మామూలు వెబ్ పేజీగా, మీ పేరున్న చోట పెట్టండి. ఆ పేజీ తయారుచేయడం మా వీధిలో పదో తరగతి పిల్లకు నేను ఒక ఆదివారం మధ్యాహ్నంలో నేర్పాను. ప్రభుత్వం మీద నాకున్న కోరిక కూడా పెద్దది కాదు. ప్రజలకు పనికొచ్చే ప్రతి సేవా ఏ బ్రౌజరులోనైనా, ఏ ఫోన్లోనైనా తెరుచుకోవాలి, యాప్ ఉంటే అది అదనం కావాలి. 2022 అక్టోబరులో మన పోటీ కమిషన్ ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అలాంటి తీర్పులు కావాలి. జరిమానా కడితే గట్టు దానంతటదే పూడదు, ఏటా వేసవిలో కాలువ కట్టేసినప్పుడు గుర్రపుడెక్క తీసినట్టు ఈ పనీ ఎవరో ఒకరు చేస్తూనే ఉండాలి.

మాస్టారి మాటలు ఇప్పుడొక వెబ్ పేజీ. బొమ్మల్లేవు, యాప్ లేదు, లోపలికి రావడానికి నంబరు అడగదు. ఆయన కొడుకు అనుమతితో పెట్టాను. మొన్న జూన్‌లో నీళ్ళు వదిలాక లాకు దగ్గరికి వెళ్ళి, అక్కడి లస్కరుకు ఆయన ఫోన్లోనే తెరిచి ఇచ్చాను. పగిలిన తెర, పాత ఫోను, ఏ బ్రౌజరో నేను చూడలేదు. వేలితో పైకి జరుపుతూ మెల్లగా చదువుకున్నాడు. కొన్ని మాటల దగ్గర నవ్వాడు. ఒక చోట ఆగాడు.

"ఆయ్, ఇది సరిగా లేదండీ. బోదె అంటే చేనుకి నీళ్ళు పెట్టేదని ఒకటే రాశారు. మురుగు బోదె కూడా బోదేనండి. నీళ్ళు పెట్టేదీ అదే పేరు, తీసేదీ అదే పేరు."

గట్టు మీద కూర్చుని నా ఫోన్లో ఆ మాట సరిదిద్దాను. ఆయన తన ఫోన్లో పేజీ మళ్ళీ తెరిచి, బోదె దగ్గరికి వెళ్ళి చూసుకుని, "ఆఁ, ఇప్పుడు వచ్చిందండీ" అన్నాడు.